ఒకటి కలపాల

ఏప్రిల్ 27, ఆదివారం

లహరి లిస్టు వచ్చింది. బెంగుళూరులో ఆఫీసు పని ఎంత ఉన్నా ఆదివారం పొద్దున ఇది మాత్రం తప్పదు దానికి. ఆ వారం నెట్టులో దొరికినవాటిలో నచ్చినవి మూడు. ఒకటి కొయ్యపని, ఒకటి ప్రోగ్రామింగు, ఒకటి డిజైను. మొదట స్నేహితులకు పంపేది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా చదువుతారంట. వాళ్లకు ఇంగ్లీషులో రాస్తుంది, నాకు తెలుగులో మాట్లాడి పంపుతుంది. కొయ్యపని మొదట పెడతావెందుకని ఒకసారి అడిగితే, ఆచారి కూతుర్ని కదమ్మా అంది.

ఈ వారం కొయ్యపని: ఒక ముసలాయన చిత్రిక పడితే లేచే పొర కింద పేపరు పెట్టి చదవొచ్చు, అంత పలుచన. ప్రోగ్రామింగు: కంప్యూటరు ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి లెక్కపెడుతుందంట. డిజైను: తలుపును చూస్తానే తోయాలో లాగాలో తెలియాలని, అది తెలియక జనం ఎట్లా తిప్పలు పడతారో బొమ్మలతో.

ఆయనకు చూపించినాను. చిత్రిక బాగా నూరినాడు అన్నారు మా ఆయన. తలుపుల సంగతికి నవ్వినారు.

"తలుపుకు కూడా సదువు చెప్పాల్నా?"

చాలా రోజులైంది ఆయన నవ్వి.

ఏప్రిల్ 30

గంగక్క కొడుకు తిప్పేష్ వచ్చినాడు. ఊరి బయట కొత్త లేఅవుటులో ఇల్లు కడుతున్నారు కదా, వాకిలి ద్వారబంధం ఆయనే చేయాలంట. జూన్ 5 నిలబెట్టే ముహూర్తం. రెడీమేడ్ తెచ్చుకుందామని తిప్పేష్ అన్నాడంట, గంగక్క ఒప్పుకోలేదంట. "మా అమ్మకు జయరామాచారి చెయ్యి పడాల. పాత ఇంటి వాకిలి ముప్పై ఏండ్లయినా ఇంత సందు ఇయ్యలేదంట" అన్నాడు. ఆ వాకిలి నాకు తెలుసు. మా పెళ్లయిన సంవత్సరం చేసినారు.

టేకు దుంగలు రేపు వస్తాయి. ఆయన అప్పుడే రంపానికి ఆకురాయి పెట్టినారు.

మంచి పని. స్వామి దయ.

మే 3, శనివారం

టీ తాగి వస్తానని పోయి ఆయన రెండు గంటలకు వచ్చినారు. పాత బస్టాండు దాకా ఊరికే నడిచినారంట. చెమటకు చొక్కా అంతా తడిసిపోయింది. ఈ ఎండలు మనుషుల్ని మనుషుల్లాగా ఉండనీయవు.

మే 8

కరెంటు లేదు. ట్యాంకరు రాలేదు. మోకాళ్లు.

మే 9, శుక్రవారం

దీపం పెట్టి లేచేసరికి లహరి ఫోను. ఆయం లెక్కకు చిన్న ప్రోగ్రాం రాస్తుందంట. నెట్టులో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు, నాకు నాయన లెక్క కావాలంది. ఆయన ఈరోజు బాగున్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చిన్నపిల్లకు చెప్పినట్లు చెప్పినారు. ద్వారబంధం పొడుగూ వెడల్పూ అంగుళాల్లో గుణించాల. దాన్ని తొమ్మిదితో గుణించాల. ఎనిమిదితో భాగించాల. మిగిలేదే ఆయం. ఒకటి, మూడు, ఐదు, ఏడు మంచివి. సరి సంఖ్య చెడ్డది. ఏమీ మిగలకపోతే కాకాయం, అన్నిటికన్నా చెడ్డది. ఆ ఇంట్లో అన్నం నిలవదు.

గంగక్క వాకిలి ఎనభై ఒకటికి నలభై ఐదు. ఐదు మిగులుతుంది. వృషభాయం.

పది నిమిషాలకు లహరి మళ్లీ ఫోను చేసింది. ఆ తొమ్మిది దండగంట. తొమ్మిదితో గుణించినా గుణించకపోయినా ఎనిమిదితో భాగిస్తే అదే మిగులుతుందంట. నేను కాగితం మీద వేసి చూసినాను. నిజమే. ముప్పై ఏండ్లుగా చూస్తున్నా, నాకూ తట్టలేదు.

ఆయనకు తెలుసంట.

"మా నాయనకు గూడా తెలుసు. ఆ తొమ్మిదితో గుణించే సేపు సెయ్యి ఆగుతాది. సెయ్యి ఆగితే తప్పు కండ్లబడతాది" అన్నారు.

తొమ్మిది ఉండనీలే నాయనా, తియ్యను అంది లహరి. పెట్టేసే ముందు నాతో విడిగా మాట్లాడింది. ఆఫీసు ఎప్పుడు మారినావని నాయన మూడుసార్లు అడిగినాడమ్మా, డాక్టరుకు చూపిద్దామా అని. ఎండాకాలం పోనీ అన్నాను.

మే 12, సోమవారం

నిలువులు కోసినారు. ద్వారబంధానికి అటొకటి ఇటొకటి నిలబడే రెండు పెద్ద దూలాలు, ఒక్కొక్కటి మోయడానికి ఇద్దరు కావాలి. టేకు వాసన ఇల్లంతా.

టేపు అవతలి కొన ఎవరు పట్టుకున్నారో. నేను పొయ్యి మీద పాలు పెట్టి లోపల ఉన్నాను.

మే 13

ఆయన పడుకున్నప్పుడు రంపపు పొట్టు ఊడుస్తూ నిలువుల మీద టేపు పెట్టినాను. ఊరికే.

రెండూ ఎనభై.

మళ్లీ పెట్టినాను. ఎనభై.

మే 14

చెప్పలేదు.

ఎట్లా జరిగిందో నాకు తెలుసు. టేపు కొనకు ఉండే ఇనుప కొక్కెం వదులవుతుంది, దాన్ని నమ్మకూడదని ఆయన ఎప్పుడూ ఒక అంగుళం గీత దగ్గరే పట్టుకుంటారు. అవతల గీత పెట్టేటప్పుడు ఒకటి కలుపుతారు. ఎనభై ఒకటి కావాలంటే ఎనభై రెండు దగ్గర గీత. ముప్పై అయిదేండ్ల అలవాటు. మొన్న ఒకటి దగ్గరే పట్టుకున్నారు. ఎనభై ఒకటి దగ్గర గీసినారు. కలపడం మరిచినారు.

ఒక్క అంగుళం. ఎవరికైనా జరుగుతుంది. ఎండకు కండ్లు చీకట్లు కమ్ముతాయి.

మే 16, శుక్రవారం

లక్ష్మీదేవి ముందు కూర్చుంటే లెక్కే వస్తున్నది నోటికి. ఎనభై నలభై అయిదులు మూడు వేల ఆరువందలు. ఎనిమిదితో భాగిస్తే నాలుగు వందల యాభై. మిగిలేది ఏమీ లేదు.

గంగక్క ఇంటికి కాకాయం.

మే 18, ఆదివారం

లహరి లిస్టు. కొయ్యపని: జపాను దేశంలో గుడి స్తంభం కింద పుచ్చిపోతే, పుచ్చిన భాగం కోసేసి కొత్త ముక్క అతికిస్తారంట. మేకు లేదు, బంక లేదు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్లు కొయ్యలోకి కొయ్య దూరుతుంది. ఇంత భారం పడినా ఊడదు. నాలుగుసార్లు చూసినాను. ఒక అంగుళం కలపాలన్నా ఇట్లా కలపవచ్చు కదా.

ప్రోగ్రామింగు: ప్రోగ్రాం రాసేవాళ్లు అందరికన్నా ఎక్కువ చేసే తప్పు ఒకటి తేడా రావడమంట. ఒకటి ఎక్కువో, ఒకటి తక్కువో. దానికి పేరు కూడా పెట్టుకున్నారంట. ఎంత పెద్ద చదువు చదివినవాళ్లయినా చేస్తారంట. ఇది నా మనసుకు చాలా నెమ్మదిగా అనిపించింది. రెండుసార్లు విన్నాను.

డిజైను ఏదో గుర్తు లేదు. అక్షరాల సంగతి.

మే 19

జపాను స్తంభం వీడియో ఆయనకు చూపించినాను. లహరి పంపింది, చూడండి అని మాత్రమే అన్నాను. ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కదలకుండా చూసినారు. ఫోను ఇంకా దగ్గరికి జరిపి, ఉలి ఎట్లా పట్టుకున్నాడో చూడు అన్నారు. నేను మెల్లగా, మన వాకిండ్లకు ఇట్లా అతుకు పెట్టవచ్చా అని అడిగినాను.

"దేవుడి గుడికి పెట్టుకుంటారేమో, వాళ్ల ఇష్టం. మనింటి పెద్దవాకిలి నిలువుకు అతుకు పెడితే జనం మొహాన ఊంచుతారు. నిలువు ఒకే కొయ్య ఉండాల."

అయిపోయింది.

తర్వాత ఆయన, గంగక్క వాకిలి కొలత ఎంత యశోదా అని అడిగినారు. ఎనభై ఒకటి నలభై అయిదు అన్నాను. ఔనౌను అన్నారు.

మే 21

లహరి ప్రోగ్రాం పంపింది. ఫోనులో ఒక పేజీ తెరుచుకుంటుంది. పొడుగు ఒక గడి, వెడల్పు ఒక గడి. వేస్తే కింద ఆయం పేరు. పైన పసుపు కుంకుమ పెట్టిన గడప బొమ్మ తనే గీసిందంట. ఎంత బాగుందో.

ఎనభై వేసినాను. వెడల్పు ఒక అంగుళం అటూ ఇటూ మార్చి చూసినాను. నలభై నాలుగు, కాకాయం. నలభై ఆరు, కాకాయం. నలభై ఏడు, నలభై మూడు. కాకి. కాకి. ఇరవైసార్లు వేసి ఉంటాను. ప్రోగ్రాం చెడిపోయిందేమోనని లహరికి ఫోను చేసినాను.

అది నవ్వింది. ఎనభై అనేది ఎనిమిదో ఎక్కంలో ఉండాది కదమ్మా, దాన్ని దేనితో గుణించినా ఏమీ మిగలదు, పొడుగు ఎనభై ఉన్నంత వరకు వెడల్పు ఎంత పెట్టినా కాకే అంది. ఎందుకడుగుతాండావ్ అంది. ఊరికే, తెలుసుకుందామని అన్నాను.

ఈ మధ్య ఊరికే అనే మాట ఎన్నిసార్లు అంటున్నానో.

మే 22

పెంచడానికి లేదు. తగ్గించవచ్చు.

డెబ్బై తొమ్మిది నలభై అయిదులు. మూడు మిగులుతుంది. సింహాయం. మంచి ఆయమే.

అంటే ఇంకొక అంగుళం కోయాల. ఆయన చేతనే కోయించాల. ఎందుకు కోయాలో చెబితే, ఎందుకు తప్పిందో చెప్పాల.

మే 24, శనివారం

ఒక్కపొద్దు. నెట్టికంటి స్వామికి కొబ్బరికాయ మొక్కినాను. పని గట్టెక్కితే కసాపురం నడిచి వస్తానని మొక్కబోయి, ఈ మోకాళ్లతో ఎట్లా నడుస్తానని కొబ్బరికాయతో సరిపెట్టినాను. స్వామికి తెలియదా.

స్వామికి తెలిసినప్పుడు ఈ పుస్తకంలో అబద్ధం ఎందుకు. లహరి ఇంటరులో లెక్కలు చేసుకున్న నోటు ఇది. ముందు సగం దాని లెక్కలు, ప్రతి లెక్క కింద సరిచూసుకున్న టిక్కు. వెనక సగం నాది.

పన్నెండో తేదీ పొయ్యి మీద పాలు లేవు. టేపు అవతలి కొన నేనే పట్టుకున్నాను. ఒకటి గీత దగ్గర నా బొటనవేలు ఉంది. ఆయన ఎనభై ఒకటి దగ్గర పెన్సిలు పెట్టినారు. ఒకటి కలపాల అన్నాను. నా గొంతు సంగతి నాకు తెలుసు. పెండ్లయిన కొత్తలో మా అత్త, ఈ పిల్ల మాట్లాడితే ఈగ వాలినంత చప్పుడు రాదు అనేది. ఆయనకు వినపడలేదు. రెండోసారి అనలేదు. మగవాడు గీత పెట్టేటప్పుడు అడ్డం మాట్లాడకూడదనుకున్నాను. ఆయనకు తెలియదా, ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాను. రంపం దిగేదాకా చూస్తూ నిలబడినాను.

ఎండ కాదు. ఈ మధ్య ఆయన నా పేరు కోసం కూడా వెతుక్కుంటున్నారు.

ఇంక రాయలేను.

మే 26

గీసినాను. ఆయన స్నానానికి పోయినప్పుడు. ఒకటి దగ్గర టేపు బిగించి, ఎనభై దగ్గర గీత. డెబ్బై తొమ్మిది. ఆయన పెన్సిలు చెవిమీద పెట్టుకునే పోయినారు, అందుకని లహరి బాక్సులోని స్కూలు పెన్సిలుతో గీసినాను. మూలమట్టం పెట్టి నాలుగు పక్కలా గీసినాను, ఆయన గీసినట్లే. రెండు నిలువులకూ.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చినాక, గీత పెట్టి కోయడం మరిచినారు, అదిగో అన్నాను.

పెండ్లయినాక ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం. లేదు, ఇట్లాంటివి ఇంకా ఉంటాయి. పెద్దది ఇదే.

ఆయన వంగి గీత మీద బొటనవేలు రుద్దినారు. చాలాసేపు రుద్దినారు. చెవిమీది పెన్సిలు తీసి, నా గీత మీదే ఇంకో గీత పెట్టినారు. గీత సన్నగా ఉందని దిద్దినారు, అంతే. రంపం తీసుకున్నారు.

కోసేటప్పుడు ఆ చేతులు చూడాల. రంపం గీత మీద పోతుంటే వెంట్రుక అంత కూడా పక్కకు జరగదు. చేతులకు ఏమీ కాలేదు.

మే 29

బెజ్జాల్లో దూరే కూసాలు దించినారు. బెజ్జాలు తొలిచినారు. గడపకు పద్మాలు చెక్కుతున్నారు. ఏమీ అడగరు. పనిలో ఉన్నంతసేపు మామూలు మనిషే.

జూన్ 1, ఆదివారం

లిస్టు వచ్చింది. వినలేదు.

జూన్ 4

రేపు.

ద్వారబంధం ట్రాలీలో పోయింది. ఆ ఇల్లు కడుతున్న యేసన్న మేస్త్రీ మనుషులు వచ్చి మోసుకుపోయినారు. లహరి బెంగుళూరు డాక్టరు దగ్గర తేదీ తీసుకోనా అని మళ్లీ అడిగింది. వాకిలి నిలబడనీ అన్నాను.

జూన్ 5, గురువారం

ఇంటికి వచ్చి స్నానం చేసి రాస్తున్నాను. ఆయన పడుకున్నారు. ఒక్కటి కూడా మరిచిపోకూడదు కాబట్టి అన్నీ రాస్తాను.

పొద్దున ఎనిమిదికే పోయినాము. ముహూర్తం తొమ్మిదీ నలభై. ముగ్గు వేసినారు, గడపకు పసుపు పూసినారు. యేసన్న, మనుషులు కలిసి ద్వారబంధం ఎత్తి నిలబెట్టినారు. తూగుగుండు వేసి ఆయనే నిట్టనిలువుగా సరిచేసినారు. అప్పటిదాకా అందరూ బాగున్నారు. యేసన్న, మా చర్చికి కూడా నీ చేతనే చేయించుకుంటామాచారీ, సిలువకు ఆయం చూస్తావా అని నవ్వించినాడు. గంగక్క కుర్చీలో కూర్చుని వాకిలి చూసుకుంటూ ఉంది.

మా పక్క ఒక పద్ధతి. వాకిలి నిలబడినాక, కంకణం కట్టే ముందు, ఇంటి యజమాని అందరి ముందూ ఆచారిని ఆయం అడగాల. ఆచారి కొలత చెప్పి, ఆయం పేరు చెప్పాల. ఆ తర్వాతే పంచె, టవలు. తిప్పేష్ అడిగినాడు.

ఆయన వాకిలికి ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పినారు. "ఎనభై ఒకటి, నలభై అయిదు. వృషభాయం."

పాత కొలత.

యేసన్న పైకి చూసినాడు. వాడికి చెడ్డ బుద్ధి లేదు, కట్టినవాడు కాబట్టి చూసినాడు. పైన లింటలుకూ ద్వారబంధానికీ మధ్య ఎక్కువ సందు ఉండాది ఆచారీ, నేను ఎనభై ఒకటికే కట్టినానే అని టేపు తీసి నిలువుకు పెట్టినాడు. మళ్లీ పెట్టినాడు. "డెబ్బై తొమ్మిదే ఉండాది కదప్పా" అన్నాడు. చిన్నగానే అన్నాడు. అందరికీ వినిపించింది.

తిప్పేష్ మొహం మారింది. ముహూర్తానికి అరగంట పెట్టుకుని ఇదేమప్పా, నోటితో ఒకటి చెప్తావు, కొయ్య ఇంకొకటి ఉండాది, రెడీమేడ్ తెచ్చుకుందామంటే మాయమ్మ వినలేదు అని. ఆయన టేపు వైపే చూస్తున్నారు. చెవిమీది పెన్సిలు తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నారు. వాకిలి చేసిన మనిషి వాకిలి ముందు దారి తప్పినట్లు నిలబడినారు.

డెబ్బై తొమ్మిదే అన్నాను.

ఎవరూ తిరిగి చూడలేదు. ఎప్పటి మాదిరే.

"డెబ్బై తొమ్మిది. సింహాయం. గీత నేను గీసినా."

ఈసారి తిరిగినారు. ఇంతమంది మగవాళ్లు ఒకేసారి నా వైపు చూడడం నాకు తెలియదు. వెనక ఎవరో, ఆచారి ఇంట్లో పెండ్లాం గీస్తే మొగుడు కోస్తాడంట అని నవ్వినాడు. నేల చూసుకున్నాను. తిప్పేష్, నువ్వెందుకు గీసినావమ్మా, ఎవరు గీయమన్నారు అన్నాడు. నేనే తప్పు చేసినాను, తమాషాకు గీసినాను అని ఏదో చెప్పబోయినాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఆయన నా ముందుకు వచ్చి నిలబడినారు.

"ఆమె తప్పు గాదు. ఎనభై ఒకటికి కోయాల్సింది నేను ఎనభైకి కోసినా. ఒకటి కలపడం మరిచినా. ఎనభై ఉంటే కాకాయం. ఆమె చూసుకోని ఇంకొక గీత గీసింది. గీత చూస్తానే తెలిసింది నాకు, అది నా పెన్సిలు గాదు. అందుకే దానిమీద నా గీత పెట్టి కోసినా. ఇప్పుడు నోటికి మళ్లా పాతదే వచ్చింది." నిలువు వైపు చూసినారు. "ఈ మధ్య మరుస్తాండా."

మా ఇంట్లో ఇన్ని నెలలుగా ఎవరూ అనని మాట. ఊరి ముందర ఆయనే అన్నారు.

యేసన్న టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ముహూర్తం పెట్టిన అయ్యవారు గడియారం చూసుకున్నారు.

గంగక్క కర్ర ఆనించుకుని లేచింది. "యశోదా, నాకు చెవుడు. ఇట్లా రా. లెక్క మొదట్నుంచీ చెప్పు. గట్టిగా చెప్పు."

వాకిలి ముందు నిలబడి చెప్పినాను. డెబ్బై తొమ్మిది నలభై అయిదులు మూడు వేల అయిదువందల యాభై అయిదు. తొమ్మిదితో గుణిస్తే ముప్పై ఒక వేయి తొమ్మిది వందల తొంభై అయిదు. ఆ తొమ్మిది అక్కరలేదని తెలిసి కూడా వదలలేదు. గుణించే సేపు గొంతు కుదురుకుంది. ఎనిమిదితో భాగిస్తే మూడు మిగులుతుంది. సింహాయం. నా గొంతు అవతల గోడకు తగిలి వెనక్కి రావడం విన్నాను.

సింహమైనా వృషభమైనా రెండూ మంచివే, టైము దాటిపోతాంది, కంకణం కట్టండి అన్నారు అయ్యవారు. రెండు అంగుళాల సందుకు రెండు తాపీల సిమెంటు, దానికింత గోల అన్నాడు యేసన్న. గంగక్క కొడుకు వైపు చూసింది. తిప్పేష్ కంకణం కట్టినాడు.

పంచె, టవలు ఆయనకు పెట్టినారు. గంగక్క కోడలిని పంపించి లోపల్నుంచి ఒక రైక గుడ్డ తెప్పించింది. ఆచారి పళ్లెంలోనే, పంచె పక్కన పెట్టింది. "ఇది పేరంటానికి గాదు, కూలికి" అంది.

ఇంటి దగ్గర ఆటో దిగేటప్పుడు ఆయన, స్కూలు పెన్సిలుతో గీయొద్దు, కొయ్య మీద నిలవదు అన్నారు.

జూన్ 6, శుక్రవారం

కొబ్బరికాయ కొట్టించినాను. పడుకున్నాను.

జూన్ 7

మా వీధి రామాంజనేయులు తన కిటికీల పని వేరేవాళ్లకు ఇచ్చినాడంట. ఆచారికి మతి సరిగ్గా లేదంట కదా అని అన్నాడంట. నన్ను చూసి కూడా చూడనట్లు పోయినాడు. నిన్నటిదాకా వదినా అనేవాడు.

నేను గట్టిగా మాట్లాడకపోయి ఉంటే. తప్పు నామీదనే వేసుకుని ఉంటే. ఎటు తిప్పినా నిద్ర రాదు.

జూన్ 8, ఆదివారం

లహరికి అంతా చెప్పినాను. టేపు సంగతి, పాల సంగతి కూడా. అది ఏడ్చింది. తర్వాత లిస్టు పంపింది. ఈ వారం మూడూ ఒకటే పెట్టింది. కొయ్యపని, ప్రోగ్రామింగు, డిజైను, అన్నిటికీ గంగక్క వాకిలి ఫోటో. కింద ఏం రాసినావని అడిగితే, లెక్కలో అక్కరలేని ఒక తొమ్మిది ఉండాది, దాన్ని ఎవరూ తీయకండి అని రాసిందంట. పేర్లు రాయలేదు కదా అన్నాను. రాయలేదంది.

డాక్టరు తేదీ తీసుకోమన్నాను. ఆయనను అడిగినాను ముందు. పోదాంలే అన్నారు. పద్దెనిమిదో తేదీ, బుధవారం.

జూన్ 11

మొబ్బు పట్టింది. వాన రాలేదు.

జూన్ 13, శుక్రవారం

గంగక్క కొత్త ఇంటికి దేవుడి మందిరం చేయమని మనిషిని పంపింది. మిగిలిన టేకుతోనే.

ఆయన పలక పరిచినారు. టేపు లాగి, కొన నాకు ఇచ్చినారు. ఒకటి గీత మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాను. అవతల కొలత చూసి పెన్సిలు ఆనించబోయి, గీయకుండా ఆగి, తలెత్తి నా వైపు చూసినారు.

ఒకటి కలపాల అన్నాను. పక్కింటివాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.